రెండోసారి అడగని మనిషి

మా మందుల షాపుకి దివిసీమ నుంచి వచ్చేవాళ్ళు చీటీతో పాటు కబుర్లు కూడా మోసుకొస్తారు. బందరులో పెద్ద డాక్టరుకి చూపించుకుని, చీటీ మా కౌంటరు మీద పెట్టి, నేను మాత్రలు కత్తిరించి కవర్లో వేసేలోపు అవనిగడ్డలో ఎవరి పెళ్ళి కుదిరిందో, నాగాయలంకలో ఎవరి చెరువుకి తెగులు తగిలిందో చెప్పేస్తారు. మొన్న అలా వచ్చిన ఒక పెద్దాయన చిల్లర జేబులో వేసుకుంటూ, కరకట్ట బడి అక్కయ్యగారు పోయారండీ, నిద్రలోనే పోయారట, అదృష్టవంతురాలు అన్నారు. ఆ వెంటనే టానిక్కు భోజనానికి ముందా తర్వాతా అని అడిగారు. తర్వాత అన్నాను. అది ముందు తాగాల్సిన టానిక్కు. వీధి చివరిదాకా ఆయన వెంటపడి సరిచేసి వచ్చాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అని మావాళ్ళు ఆరా తీస్తారు. ఆ ఆరా అంటేనే ఆవిడకి ఒళ్ళుమంట. పిల్లలకీ, వాళ్ళ తల్లిదండ్రులకీ, పాలవాడికీ, తనిఖీకొచ్చే ఆఫీసర్లకీ కూడా ఆవిడ అక్కయ్యగారే. కొత్తవాళ్ళెవరైనా మేడమ్ అని పిలిస్తే, తన వెనక ఎవరో నిలబడ్డట్టు వెనక్కి తిరిగి చూసేవారు. నేను ఆవిడ దగ్గర చదివింది ఆరో తరగతి ఒక్కటే. మిగతా చదువు చదివిన బళ్ళలో గోడలకి ఏ రంగు ఉండేదో కూడా నాకు గుర్తు లేదు. ఆ బడిలో మాత్రం వంటింటి గుమ్మం దగ్గర పగిలిన నాపరాయి ఎటువైపు ఒరిగేదో ఇప్పుడడిగినా చెప్తాను.

బడి అవనిగడ్డ దాటాక కృష్ణ కరకట్టని ఆనుకుని ఉండేది. ప్రైవేటు బడే, హాస్టలు బడే, కానీ ఇప్పటి హాస్టలు బళ్ళని ఊహించుకుంటే పొరపాటు. రెండు పెంకుటి షెడ్లు, జామచెట్లు, ఒక చేతిపంపు. తండ్రి ఇచ్చిన పొలంలో కొంత అమ్మి ఆ బడి పెట్టారట. మిగిలిన పొలంలో పండిన బియ్యమే మాకు వండేవాళ్ళు. ఫీజు లేకపోలేదు, ఉండేది. కాకపోతే ఆ మాట ఎప్పుడెత్తాలన్న దాని మీద అక్కయ్యగారికి గట్టి పట్టుదల. పిల్ల బడిలో చేరిపోయాకే ఎత్తాలి. అంతకు ముందు ఎవరెత్తినా ఊరుకునేవారు కాదు.

ఎండాకాలం చివర్లో తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్ళు. అక్కయ్యగారు అరుగు మీద పీట వేసుకుని, ముందు గోంగూర కట్టలు పోసుకుని కూర్చునేవారు. వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టి నోరు తెరవబోతుండగానే, అలా కరకట్ట మీద నడిచి రండి, గాలి బావుంటుంది అని పంపేసేవారు. కారులో దిగిన ఆసామీ అయినా, సైకిలు తొక్కుకుంటూ వచ్చిన కౌలురైతయినా కరకట్ట ఎక్కాల్సిందే. తండ్రులు నోరు తెరిస్తే ఎకరాలు బయటికొస్తాయి, తల్లులు తెరిస్తే కష్టాలు బయటికొస్తాయి, ఆ రెండూ విన్నాక ఇంక పిల్ల కనపడదు అనేవారు. పిల్లనేమో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక కట్ట చేతికిచ్చేవారు. చేతులు పనిలో పడితే భయం పోతుందని ఆవిడ నమ్మకం.

నన్నూ అలాగే కూర్చోబెట్టారు. ఎక్కాలు అడగలేదు, పద్యం అడగలేదు. నీకు తెలియనిది ఏదైనా ఒకటి చెప్పు అన్నారు. అందరూ తెలిసినవాటిని అడిగే లోకంలో పుట్టినదాన్ని, నాకు ఏం చెప్పాలో తోచలేదు. చాలాసేపు ఆకు వలిచి, చివరికి, కృష్ణ ఎప్పుడూ ఇలా వెళ్ళిపోతూనే ఉంటుంది కదండీ, అయిపోదేం అన్నాను. ఆవిడ చేతిలో కాడలు పక్కన పడేసి నా వంక చూశారు.

"నాకూ సరిగ్గా తెలీదే. ఇక్కడే ఉండు, ఇద్దరం చూద్దాం."

అదే నా అడ్మిషను. నా జీవితంలో నన్ను ఇంకెవరూ అంత తేలిగ్గా, అంత ఇష్టంగా చేర్చుకోలేదు. పెళ్ళిచూపులకి వచ్చిన మావారు కూడా కాస్త ఆలోచించుకుని చెప్తామనే వెళ్ళారు.

మా వైపు మనుషులకి ఒక జబ్బుంది. రైల్లో పక్కన కూర్చున్నవాడిని కూడా మీదే ఊరండీ అని మొదలుపెట్టి, ఇంటిపేరు లాగి, ఎవరి తాలూకు అని తేల్చుకుంటే గానీ వేరుశనక్కాయ పెట్టరు. ఆ కాస్త సంభాషణలో ఎదుటివాడి కులం, పొలం, పరపతి అన్నీ తూకానికి వచ్చేస్తాయి. అక్కయ్యగారి బడిలో ఆ ప్రశ్న నిషేధం. ఏ పిల్లయినా ఇంకో పిల్లని మీరెవరి తాలూకు అని అడిగినట్టు తెలిస్తే, ఆ పూట బడి మొత్తానికీ గోంగూర వలవాల్సిందే. నేను చేరిన కొత్తలో అలా ఒకసారి వలిచాను. వేళ్ళు పుల్లటి వాసన వేశాయి. ఆ జబ్బు మాత్రం అంత త్వరగా వదల్లేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆవిడకి, అదే మాకు మొదట్లో అస్సలు మింగుడుపడలేదు. మనలో పెట్టేవాళ్ళు బలవంతం చెయ్యాలి, తినేవాళ్ళు వద్దనాలి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అంటూనే వేళ్ళ సందుల్లోంచి వేయించుకోవాలి. అడిగిన వెంటనే వెయ్యండి అంటే కరువు నుంచి వచ్చినట్టు చూస్తారు. అక్కయ్యగారు మాత్రం ఏదైనా ఒక్కసారే అడిగేవారు. చేరిన మొదటిరోజు భోజనాల దగ్గర ఆవిడే పప్పు గిన్నె పట్టుకుని వచ్చి, ఇంకాస్త వెయ్యనా అన్నారు. మా అమ్మ పెంపకం కదా, వద్దండీ అన్నాను. ఆవిడ పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను గరిటె వెనక్కి వస్తుందేమోనని చూస్తూ ఒట్టి అన్నం కలుపుకు తిన్నాను. మర్నాడు ఆవిడ ఇంకా రెండు విస్తళ్ళ అవతల ఉండగానే నాకు కావాలండీ అని అరిచాను. నవ్వి, ఇప్పుడు మా పిల్లవయ్యావు అన్నారు. వద్దన్నవాళ్ళకి మళ్ళీ పెడితే వాళ్ళ మాటకి విలువేముందని ఆవిడ వాదన.

అడగందే అమ్మయినా పెట్టదు అని ఎవరైనా సామెత చెప్పారా, ఆవిడకి కోపం వచ్చేది. అడిగాక పెడితే ఇంక అమ్మెందుకు, హోటలు చాలదూ అనేవారు. పెట్టాల్సినవాళ్ళే ముందు అడగాలి, ఒక్కసారి అడగాలి, వచ్చిన జవాబుని గౌరవించాలి. ఈ మూడు ముక్కల మీదే ఆవిడ బడి, బతుకు రెండూ నడిచాయి.

బడి లెక్కలు ఆవిడ తమ్ముడు చూసేవారు. మేమందరం మావయ్యగారు అనేవాళ్ళం. సన్నగా, చెవిలో కలం పెట్టుకుని, ఎప్పుడూ ఎవరో ఇప్పుడే అప్పు అడగబోతున్నట్టు భయం భయంగా ఉండేవారు. అక్కయ్యగారు ఒక పిల్లని ఈ పిల్ల మాది అన్నాక, ఆయన ఆ తల్లిదండ్రుల్ని జామచెట్ల వెనక్కి తీసుకెళ్ళి, మీరెంత ఇచ్చుకోగలరండీ అని మెల్లిగా అడిగేవారు. కొందరు డబ్బిచ్చేవాళ్ళు, కొందరు ధాన్యం తోలేవాళ్ళు, కొందరు ఏమీ ఇవ్వలేమని తలొంచుకునేవాళ్ళు. ఎవరు ఏమన్నారో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు, అక్కయ్యగారికి కూడా. పాపం ఆయన మాత్రం ఆవిడతో రోజూ పోట్లాడేవారు. ఇలా చూసుకోకుండా చేర్చుకుంటూ పోతే బియ్యం ఎక్కణ్ణుంచి తేవాలి అక్కా అనేవారు. పిల్లల్ని చూసి బియ్యం తెచ్చుకుంటారు గానీ, బియ్యం చూసి పిల్లల్ని తెచ్చుకుంటారటరా అని ఆవిడ ఎదురడిగేవారు. ఆ పోట్లాట మాకు గంట మోగినంత మామూలు.

అయితే ఆ జామచెట్ల పద్ధతికి ఒక మినహాయింపు ఉండేది. అది ఎవరూ రాసి పెట్టింది కాదు, దివిసీమలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేనిది. పెద్దింటి మనిషిని పట్టుకుని మీరెంత ఇచ్చుకోగలరు అని అడగడమంటే చెంప మీద కొట్టడమే. అందుకని అలాంటివాళ్ళకి మావయ్యగారు ఫీజు ఇంతండీ అని మర్యాదగా చెప్పి ఊరుకునేవారు. మాకూ అలాగే చెప్పారు.

ఎందుకంటే మాది పెద్దిల్లు. చల్లపల్లికి అవతల మా ఊళ్ళో మా తాత వాకిట్లో రోజూ విస్తరి లేవకుండా భోజనాలు జరిగేవని చెప్పుకునేవాళ్ళు. నేను పుట్టేసరికి ఆ భోజనాలు కథలుగా మిగిలాయి. ఆ తర్వాత మా నాన్న అందరిలాగే వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వించాడు. తెల్లమచ్చ తెగులు వచ్చింది. చెరువులు పోయాయి, చెరువుల కోసం తాకట్టు పెట్టిన పొలం పోయింది, నాన్నకి మాట్లాడే అలవాటు పోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అదే మేం. వీధివైపు గది మాత్రం అమ్మ రోజూ తుడిచి ఉంచేది. ఆ గదిలో కూర్చుని వెళ్ళినవాళ్ళు ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

కరకట్ట మీద నడిచి వచ్చాక అమ్మ మా ఇంటిపేరు చెప్పింది. అక్కయ్యగారికి ఆ జబ్బు లేదనుకుంటాం గానీ, ఆవిడా ఇక్కడ పుట్టిన మనిషే. మొహం విప్పారిపోయింది. మీ మావగారి ఇంట భోంచేసి వచ్చి మా నాన్న నెల్లాళ్ళు చెప్పుకున్నాడమ్మా అన్నారు. అమ్మ పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. అంత ఆనందంగా అమ్మని నేను ఆ మధ్యకాలంలో చూడలేదు. ఆ ఒక్క ఆనందం మాకు చాలా ఖరీదైపోయింది. ఆ ఏడాది ఫీజుకి అమ్మ తన గొలుసు అమ్మిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ ఏడాది గురించి ఎలా చెప్పను? పొద్దువాలే వేళకి అందరం కరకట్ట మీద కూర్చునేవాళ్ళం. ఒక్కొక్కళ్ళూ ఆ రోజు తమకి తెలియకుండా మిగిలిపోయిన సంగతి ఒకటి చెప్పాలి. జవాబు ఎవరూ చెప్పకూడదు, వినాలంతే. చేపలు నిద్రపోతాయా అని ఒకడు. చచ్చిపోయిన మా చెల్లి నాకంటే చిన్నదిగానే ఉంటుందా అని ఒక పిల్ల. అక్కయ్యగారు కూడా తన వంతు వచ్చినప్పుడు చెప్పేవారు. ఒకరోజు, మా తమ్ముడు చెప్పేది కరెక్టేమోనని నాకు తెలియడం లేదర్రా అన్నారు. ఏం చెప్పాడో మాకు అర్థం కాలేదు. నది మీద వెలుతురు తగ్గిపోతుండగా ఆవిడ అలా ఒప్పుకోవడం మాత్రం గుర్తుంది. తెలియదు అనడం అంత హాయిగా ఉంటుందని నాకు ఇంకే బడిలోనూ ఎవరూ చూపించలేదు. మందుల షాపులో అయితే తెలియదు అంటే జనం పక్క షాపుకి పోతారు.

వేసవి సెలవులకి ఇంటికొచ్చాను. బడి తెరిచే రోజులు వచ్చాయి, అమ్మ నా పెట్టె సర్దలేదు. అడిగితే చూద్దాంలే అంది. తర్వాత అవనిగడ్డ వెళ్ళే బస్సు కండక్టరుతో బడికి కబురు పంపింది, మా అమ్మాయికి అక్కడి నీళ్ళు పడలేదండీ, ఈ ఏడు పంపడం లేదు అని. ఆ నీళ్ళు తాగి నేను రెండు జతల గౌన్లు పొట్టి అయ్యేంత ఎదిగాను. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, నాన్న వెనకాల తిరిగాను. నాన్న పశువుల్లేని పాకలో తాడు ముళ్ళు విప్పుకుంటూ కూర్చునేవాడు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం అక్కయ్యగారు బస్సు దిగి నడుచుకుంటూ మా ఇంటికొచ్చారు. అమ్మ వీధిగదిలో కుర్చీ వేసి, లోపలికొచ్చి, నా చేతికి గ్లాసిచ్చి, పెరటిదారిన పక్కింటికెళ్ళి పాలూ కాఫీపొడీ పట్టుకురమ్మంది. పరుగున వెళ్ళొచ్చాను. పెరటి గుమ్మంలోంచి నేను గ్లాసు పావడా చాటున దాచుకుని రావడం వీధిగదిలోంచి ఆవిడ చూశారు. చూసి, చటుక్కున పైకి చూడ్డం మొదలెట్టారు, దూలాలు లెక్కపెడుతున్నట్టు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

అక్కయ్యగారు నీళ్ళ సంగతే మొదలెట్టారు. ఈసారి మీ అమ్మాయికి కాచి చల్లార్చి విడిగా కుండలో పోయిస్తాను వదినగారూ అన్నారు. అమ్మ, మీకెందుకండీ శ్రమ అంది. శ్రమేముంది, పొయ్యి ఎలాగూ మండుతూనే ఉంటుంది అన్నారావిడ. వాళ్ళ నాన్న దీన్ని విడిచి ఉండలేకపోతున్నారండీ అంది అమ్మ. అయితే నెలకోసారి ఆయన వచ్చి ఉండి వెళ్ళచ్చు, గది ఉంది అన్నారు. ఇద్దరూ ఒకరి అబద్ధాన్ని ఒకరు ఎంత గౌరవంగా ఎత్తుకుని దింపుకున్నారో! అసలు సంగతి మధ్యలో కూర్చుని ఉంది, దాన్ని తాకకుండా ఇద్దరూ చుట్టూ తిరుగుతున్నారు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే నా చదువు పోతుంది. కాఫీ అయిపోయింది. అక్కయ్యగారు గ్లాసు కింద పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నారు.

"మా బడిలో మీ మావగారి పేరు మీద ఏటా ఒక పిల్లని చదివిద్దామని మా తమ్ముడూ నేనూ అనుకున్నామండీ. ఆ ఇంటి అన్నం తిన్నవాళ్ళం. మొదటి పిల్ల ఆ ఇంటి పిల్లే అయితే బావుంటుంది."

 ఎంత అందంగా అడిగారో నాకు ఆ వయసులోనే తెలిసింది.  అమ్మ నవ్వింది.

"మా మావగారి పేరు మీద ఎవరినైనా చదివించాలంటే మేం చదివించాలి గానీ, మీరు చదివించడమేమిటండీ? వద్దులెండి."

అక్కయ్యగారు అలాగేనండీ అని లేచారు. గుమ్మం దగ్గర నా తల మీద చెయ్యి వేసి, తెలియనివి పోగేసుకోవడం మాత్రం మానకు అన్నారు. బస్సు వచ్చింది. ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నారు. వెనక్కి చూస్తారేమోనని వీధి గుమ్మంలో నిలబడ్డాను. చూడలేదు. వద్దన్నాక వద్దే కదా ఆవిడకి.

ఊళ్ళో బడిలో పది అయింది, చల్లపల్లిలో ఇంటరు అయింది, బందరులో పెళ్ళయింది. కష్టపడ్డానని చెప్పను. షాపు నడుస్తోంది, అత్తగారు మంచిది, నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. అయినా ఏ రోజైనా షట్టరు దించేముందు కౌంటరు దగ్గర కాస్త ఖాళీ దొరికితే, ఇవాళ నాకు తెలియకుండా మిగిలింది ఏమిటా అని వెతుక్కుంటాను. చెప్పుకోవడానికి పక్కన పిల్లలుండరు, కరకట్ట ఉండదు. అదొక్కటే నాకు ఇప్పటికీ కొరత.

చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ ఒకసారి మా షాపుకొచ్చారు. బీపీ మాత్రల కోసం. నేను గుర్తుపట్టి కౌంటరు దాటి వచ్చేసరికి, కృష్ణ అయిపోయిందటే అని అడిగారు. నేను అక్కడే ఏడ్చేశాను. మా షాపు కుర్రాడు భయపడి సోడా తెచ్చాడు. ఆవిడ సోడా తాగుతూ బడి మూసేశామని చెప్పారు. షెడ్లు రొయ్యల మేత గోడౌనుకి అద్దెకిచ్చారట. మా ఇంటికి వచ్చి వెళ్ళాక మావయ్యగారికి ఒక ఆజ్ఞ జారీ చేశారట, ఇక పెద్దిల్లు లేదు పేదిల్లు లేదు, అందరినీ మీరెంత ఇచ్చుకోగలరనే అడుగు అని. దాంతో కొందరు పెద్దింటివాళ్ళకి కోపం వచ్చింది. మిగిలినవాళ్ళు మెల్లిగా జారుకున్నారు. లేనివాళ్ళ పిల్లల పక్కన కూర్చోబెట్టానని కాదే వాళ్ళ కోపం, పూర్తి ఫీజు కట్టేది తమ పిల్లేనని పక్కవాళ్ళకి తెలియడం లేదని అన్నారు అక్కయ్యగారు. కట్టే డబ్బుకి ఆ మాత్రం పేరైనా రాకపోతే ఎందుకు కడతారు చెప్పు అని నవ్వారు. పొలం ముక్క ముక్కా కరిగిపోయింది.

అంటే డబ్బు చూడకుండా పిల్లల్ని చేర్చుకునే ప్రైవేటు బడి నడవదంటారా అని అడిగాను. అడగడానికి నాకు కారణం ఉంది. ఆ నెలలోనే మా అమ్మాయిని చేర్పిద్దామని గుడివాడలో ఒక హాస్టలు కాలేజీకి వెళ్ళాం. టై కట్టుకున్న అబ్బాయి కూర్చోమనకుండానే నాన్నగారేం చేస్తారని అడిగాడు. లేనివాళ్ళకి రాయితీ ఉందా అంటే, ర్యాంకుంటే ఉందండీ అన్నాడు. ర్యాంకు వచ్చే పిల్లని ఊరికే చదివించి, ఆ ఫొటో నాలుగు రోడ్ల కూడలిలో కట్టి, దాన్ని చూసి వచ్చినవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. అదీ ఉచితమేనట. కోడికి మేత వేసేవాడూ ఉచితంగానే వేస్తాడు.

అక్కయ్యగారు సోడా సీసా కౌంటరు మీద పెట్టారు. నడిచినన్నాళ్ళు నడిచిందమ్మా, నడవదని నేనెలా అంటాను అన్నారు. మా తమ్ముడు మాత్రం నడవలేదనే అంటాడు, ఇద్దరం ఒకే బడి గురించే చెప్తున్నాం అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. మీ ఇంట్లో సంగతి పాలగ్లాసు చూడగానే నాకు తెలిసిందే అన్నారు. మరి ఇంకొంచెం గట్టిగా అడగలేదేమండీ అన్నాను. ఎన్నో ఏళ్ళుగా నా కడుపులో ఉన్న మాట అది.

"అడిగాను కదే. మీ అమ్మ వద్దంది. వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే, మీ లేమిని వేలెత్తి చూపించినట్టు కాదూ?"

ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. అమ్మకి చెప్పలేదు. పాత పుండు రేపడం ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు ఆవిడ పోయారన్న కబురు విన్నాక, ఇంక దాచడానికి ఏముందని, ఆ మధ్యాహ్నమే భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు చెప్పాను. అమ్మ వంటింట్లో బెండకాయలు తుడుస్తోంది. మహాతల్లి అని చేతులు జోడించింది. ఆవిడ షాపుకొచ్చిన సంగతి, నేను అడిగింది, ఆవిడ అన్నది అంతా చెప్పాను. అమ్మ చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ అడుగుతుందనుకున్నానే" అంది.

నేను ఏమిటన్నాను.

"మొదటిసారికే సరేనంటామా ఎవరమైనా? అంత పెద్దమనిషి ఇంటికొచ్చి అడిగితే, ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నట్టు తలాడిస్తే ఏం బావుంటుంది? ఇంకొక్కమాటు అంటే పంపిద్దామనే ఉన్నాను. నువ్వు పాలకెళ్ళినప్పుడే నీ పెట్టె సర్ది మంచం కింద పెట్టాను."

నాకు తెలియదే అన్నాను. నీకు తెలిస్తే ఏడుస్తావని, ఆవిడ వెళ్ళిపోయాక విప్పేశానంది. అని మళ్ళీ బెండకాయలు తుడవడం మొదలుపెట్టింది, తుడిచినవే.

ఇద్దరిలో ఎవరి మీదైనా కోపం వస్తే బావుండు. రావడం లేదు. ఒకావిడ మాటకి విలువిచ్చింది, ఒకావిడ మర్యాదకి విలువిచ్చింది, ఇద్దరూ నన్ను కావాలనుకున్నారు. ఆ రోజు వీధి గుమ్మంలో నిలబడి బస్సు మలుపు తిరిగేదాకా చూశానే, అంతసేపూ లోపల గదిలో మంచం కింద నా పెట్టె బయల్దేరడానికి సిద్ధంగానే ఉంది.